గద్దా, డేగా, గరుడ పక్షా? తిరుపతి చుట్టుపక్కల వేట పక్షుల్ని గుర్తుపట్టి లెక్క రాయడం ఎలా

ఏటా బ్రహ్మోత్సవాలప్పుడు నాకు ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. ఫోన్‌లో జూమ్ చేసి తీసిన వీడియో, గోపురం పైన చక్కర్లు కొడుతున్న ఒక నల్ల చుక్క, కింద "ఇది గరుడ పక్షేనా సార్?" అని. ఇక ఏడాది పొడుగునా వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: "మా చిన్నప్పుడు ఊర్లో గద్దలు ఎన్నో ఉండేవి, ఇప్పుడు కనబడటం లేదు, నిజంగా తగ్గాయా?"

మొదటిదానికి కొంచెం స్పష్టమైన ఫోటో ఉంటే చాలు, జవాబు చెప్పొచ్చు. రెండోది జ్ఞాపకంతో తేలేది కాదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, కొన్నేళ్లు రాసిన అంకెలుంటేనే తేలుతుంది. ఈ రెండు పనులూ మీరే చేసుకోవడానికి ఇది రాస్తున్నాను.

ఏమేం కావాలి

బైనాక్యులర్స్ 8×42 (అంటే 8 రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం 42 మి.మీ.) గానీ, దానికి దగ్గరగా గానీ ఉన్నవి తీసుకోండి. "20 రెట్లు, 50 రెట్లు" అని అమ్మే జూమ్ బైనాక్యులర్స్ జోలికి పోవద్దు. చెయ్యి కాస్త వణికినా బొమ్మంతా ఊగిపోతుంది, ఎగిరే పక్షి అందులోకి దొరకదు. కొనేముందు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని ఒక ఉదయం వాడి చూడండి.

చిన్న నోట్‌బుక్, పెన్సిల్, టోపీ, నీళ్లు. ఫోన్‌లో ఈబర్డ్ (చూసిన పక్షుల జాబితా ఎక్కించడానికి), మెర్లిన్ (పక్షి పేరు తెలుసుకోవడానికి) యాప్‌లు వేసుకోండి, రెండూ ఉచితమే. మెర్లిన్‌లో మన దేశపు పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవాలి. తలకోనకో మామండూరుకో పోయాక సిగ్నల్ కోసం వెతుక్కుంటే పక్షి పోతుంది. కెమెరా ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

బయల్దేరే ముందు రెండు హెచ్చరికలు

శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. నేషనల్ పార్క్ నిబంధనలు ఒక కారణం. ఇంకో కారణం మన జిల్లాలో అందరికీ తెలిసిందే: ఎర్రచందనం. తెల్లవారుజామున సంచీ, బైనాక్యులర్స్‌తో అడవి అంచున తిరిగే మనిషిని ఆపి అడగడం సిబ్బంది డ్యూటీ. అలిపిరి మెట్ల దారిలో చిరుతల సంగతి కూడా మర్చిపోకూడదు. మెట్ల మీద నుంచే చూడండి, పొదల్లోకి దిగొద్దు. కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం. పులికాట్ సరస్సు వైపు వెళ్తే షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) గేటు దగ్గర కెమెరా, బైనాక్యులర్స్ బయటికి తీయకుండా ఉంటే మీకే మంచిది.

రెండోది గూళ్ల గురించి. గూడు దొరికితే దూరంగా నిలబడి చూసి వచ్చేయండి. దాని లొకేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మీరు నమ్మినవాళ్లు మాత్రమే కాదు, వాళ్లు ఫార్వర్డ్ చేసినవాళ్లందరూ అక్కడికి చేరతారు.

1. ఒక చోటు ఎంచుకోండి, దాన్ని మార్చొద్దు

ఆకాశం విశాలంగా కనబడే చోటు కావాలి. కొండ కనబడే మీ మేడ పైభాగం, చంద్రగిరి కోట దగ్గరి బయలు, రాయలచెరువు కట్ట, కల్యాణి డ్యామ్ పరిసరాల్లో అనుమతి ఉన్న చోటు, చిత్తూరు వైపు అయితే మామిడి తోటల మధ్య ఏదైనా గుట్ట పక్కన బీడు. అన్నిటికంటే గొప్ప చోటు కోసం వెతకొద్దు. మీరు నెలనెలా సులభంగా పోగలిగిన చోటే మంచి చోటు.

సమయం ఉదయం 9 నుంచి 11 లోపు ఒక గంట. నేల వేడెక్కి గాలి పైకి లేచేవరకు పెద్ద పక్షులు చెట్ల మీదే కూర్చుంటాయి. తెల్లారి ఆరింటికి పోయి "ఏమీ లేవు" అని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. మిగతా పక్షులకు ఆరు గంటలు మంచిదే, వీటికి కాదు.

2. మొదట ఐదింటిని గట్టిగా నేర్చుకోండి

పుస్తకంలో డెబ్బై దాకా బొమ్మలు చూసి బెదిరిపోవద్దు. మన దగ్గర మాటిమాటికీ కనబడేవి కొన్నే. ఈ ఐదూ వస్తే మీ సందేహాల్లో చాలావరకు తీరిపోతాయి.

*నల్ల గద్ద.* యాప్‌లో బ్లాక్ కైట్. కోళ్ల అంగళ్లు, చెత్త యార్డుల మీద తిరిగేది ఇదే. ఒళ్లంతా మట్టి గోధుమ రంగు, తోక చివర లోపలికి నొక్కినట్టు చీలి ఉంటుంది. ఎగిరేటప్పుడు ఆ తోకను అటూ ఇటూ మెలిపెడుతూనే ఉంటుంది. కింద నుంచి ఒక్క నిమిషం చూస్తే చాలు, ఆ మెలికే దాన్ని పట్టిస్తుంది.

*గరుడ పక్షి.* యాప్‌లో బ్రాహ్మినీ కైట్. తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లు ఇటుక ఎరుపు, రెక్క చివర్లు నలుపు, తోక చివర గుండ్రం. చెరువులు, పులికాట్ లాంటి నీటి చోట్ల ఎక్కువ. పెద్ద పక్షి విషయంలో తికమక ఉండదు. చిక్కంతా పిల్ల పక్షితోనే. అది గోధుమ రంగులో ఉండి నల్ల గద్దలాగే కనిపిస్తుంది. అప్పుడు రంగు వదిలేసి తోక చూడండి: గుండ్రంగా ఉంటే గరుడ, చీలిక ఉంటే నల్ల గద్ద. ఒక జాగ్రత్త, నల్ల గద్ద తోకను పూర్తిగా విప్పినప్పుడు చీలిక మాయమై అంచు తిన్నగా కనబడుతుంది. మళ్లీ ముడిచేదాకా ఆగి చూసి అప్పుడు రాయండి.

*నల్ల పాములగద్ద.* యాప్‌లో క్రెస్టెడ్ సర్పెంట్ ఈగిల్. తిరుమల కొండల మీద, తలకోన మీద ఎండెక్కే వేళ అరుస్తూ తిరిగే పెద్ద పక్షి ఇదే. మెడ ఎత్తి చూసేలోపు అరుపు వినబడుతుంది: గట్టిగా ఈల వేసినట్టు రెండు మూడు స్వరాలు, చివరిది సాగదీసి. కింద నుంచి చూస్తే రెక్క వెనక అంచు పొడవునా వెడల్పాటి తెల్లని పట్టీ, దాని బయట నల్ల అంచు, తోకలోనూ అలాంటిదే ఒక తెల్ల పట్టీ. రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. కొండల పైన తీసిన "గరుడ పక్షి" వీడియోల్లో ఉండేది చాలాసార్లు ఇదే, లేదా నల్ల గద్ద. భక్తితో దండం పెట్టుకున్నవాళ్లను నేను తప్పు పట్టను. లెక్కలో మాత్రం ఉన్న పేరే రాయాలి.

*జాలె డేగ.* యాప్‌లో షిక్రా. పావురమంత ఉంటుంది. రెక్కలు పొట్టి, తోక పొడవు, తోక మీద అడ్డచారలు. టపటపా నాలుగు సార్లు రెక్కలాడించి కాసేపు జారుతుంది, మళ్లీ ఆడిస్తుంది. ఊర్లో చింతచెట్లు, వేపచెట్లలోనే ఉంటుంది, ఉడతలు ఒక్కసారిగా కీచుమన్నాయంటే పైన వెతకండి. దీన్ని పోలిన మోసగాడు ఒకడున్నాడు. హాక్ కుక్కూ అనే కోకిల జాతి పక్షి రంగులోనూ ఎగరడంలోనూ జాలె డేగను దాదాపు కాపీ కొట్టినట్టు ఉంటుంది. కూర్చున్నప్పుడు ముక్కు చూడండి. డేగ ముక్కు కొక్కెంలా వంగి ఉంటుంది, దీనికి ఆ కొక్కెం ఉండదు, కాళ్ల గోళ్లు కూడా బలహీనం.

*అడవి రామదాసు.* యాప్‌లో బ్లాక్ వింగ్డ్ కైట్. తెల్లటి ఒళ్లు, బూడిద రంగు వీపు, భుజం మీద నల్ల మచ్చ, ఎర్ర కన్ను. పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చుని తోక ఎగరేస్తుంటుంది. గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి ఎలుక కోసం కిందికి చూస్తుంది.

3. ఆకారం ముందు, రంగు ఆఖర్న

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి దీని మీద కొంచెం సేపు ఆగుదాం. ఎండకు ఎదురుగా ఉన్న ఏ పక్షైనా నల్లగానే కనబడుతుంది. "నల్లగా ఉంది సార్" అని చెప్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. ఈ వరుసలో చూడండి.

తోక: చీలిందా, గుండ్రమా, పొడవా, పొట్టా.

రెక్క: చివర వేళ్లు విప్పినట్టు ఈకలు విడివిడిగా ఉంటే గద్ద, ఈగిల్ వైపు. చివర సూదిగా ఉంటే ఫాల్కన్ జాతి డేగ. పొట్టిగా గుండ్రంగా ఉంటే జాలె డేగ వైపు.

రెక్క పట్టే తీరు: తేలేటప్పుడు రెండు రెక్కలూ పైకి లేచి ఉన్నాయా, బల్లపరుపుగా ఉన్నాయా, కిందికి వంగాయా. నల్ల గద్దవి వంగి ఉంటాయి, పాములగద్దవి పైకి లేస్తాయి.

పని: గాలిలో నిలబడిందా? ఈ పని చేసేవి మన దగ్గర ముఖ్యంగా మూడు. తెల్లగా చిన్నగా ఉంటే అడవి రామదాసు. వీపు ఇటుక రంగులో ఉండి, పొడవాటి తోక చివర నల్ల పట్టీ ఉంటే చలికాలంలో వచ్చే కెస్ట్రెల్, మనవాళ్లు తొండల డేగ అనేది. చాలా పెద్దగా, అడుగు భాగం తెల్లగా, తలకు ముసుగు వేసినట్టుంటే షార్ట్ టోడ్ స్నేక్ ఈగిల్. ఇది బయళ్లలో తిరిగే పాములగద్ద. పైన చెప్పిన నల్ల పాములగద్దతో కలిపేయొద్దు.

చోటు, కాలం: అక్టోబరు నుంచి మార్చి మధ్య పొలాల మీద, నేలకు మీటరు రెండు మీటర్ల ఎత్తులో, రెక్కలు పైకెత్తి తూగుతూ పోయే సన్నటి పక్షి హారియర్, పిల్లిగద్ద. చలికాలానికి వచ్చే వలస పక్షి ఇది. వీటిలో ఆడ పక్షుల్ని జాతివారీగా విడదీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. నడుము దగ్గర తెల్ల మచ్చ ఉన్న గోధుమ రంగు పక్షి కనిపిస్తే "హారియర్, జాతి తెలియదు" అని రాసి ముందుకు పోండి.

ఇవన్నీ అయ్యాక రంగు. అదీ సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని చూసిన రంగు.

బీడు భూముల్లో స్తంభం మీద కదలకుండా కూర్చునే గోధుమ రంగు పక్షి ఒకటి ఉంది, అందరూ నల్ల గద్ద అని రాసేస్తారు. బైనాక్యులర్స్‌తో దాని కన్ను చూడండి. కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లగా, కాస్త కోపంగా చూస్తున్నట్టు ఉంటే అది వైట్ ఐడ్ బజర్డ్, బుడమల్ల గద్ద. గొంతు తెల్లగా ఉండి మధ్యలో ఒక నల్ల గీత నిలువుగా దిగుతుంది. ఆ గీత కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పెద్దగా ఉండి పైన తేలేవన్నీ వేట పక్షులు కావు. నేలపట్టు చుట్టుపక్కల పెలికాన్లు, రంగు కొంగలు వేడి గాలిలో గుంపులుగా తిరుగుతూ పైకి పోతాయి. ఆ ఎత్తులో చాలామంది వాటిని రాబందులనుకుంటారు. తల ముందుకి చూడండి: పొడవాటి ముక్కు ఉందా? తోక వెనక కాళ్లు బయటికి వచ్చాయా? వీటిలో ఏ ఒక్కటి కనబడినా అవి నీటి పక్షులే.

4. ఫోటో తీస్తే ఇలా తీయండి

ఒక్క మంచి ఫోటో కంటే నాలుగు మామూలు ఫోటోలు ఎక్కువ పనికొస్తాయి: రెక్కలు పూర్తిగా విప్పి అడుగు కనబడేది, పక్కనుంచి, తోక ముడిచినది, విప్పినది. ఆకాశం వెలుతురుకు పక్షి నల్లబడుతుంది కాబట్టి ఫోన్‌లో వెలుతురు గీత కాస్త పైకి జరపండి. మెర్లిన్‌కి ఫోటో ఇస్తే పేరు చెప్తుంది. దాన్ని సలహాగా తీసుకోండి, తీర్పుగా కాదు. పిల్ల గరుడ పక్షుల మసక ఫోటోలతో అది కూడా తడబడుతుంది.

5. లెక్కించడం

గాలిలో గుండ్రంగా తిరిగే గద్దల గుంపును లెక్కపెట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు, వచ్చిన ప్రతిదాన్నీ కలుపుతూ పోవడం. ఐదు కొండ వెనక్కి పోతాయి, పది నిమిషాల తర్వాత మళ్లీ ఐదు వస్తాయి. మీరు పది అని రాస్తారు. అవి అవే ఐదు కావొచ్చు. అందుకే నియమం: ఒక్క చూపులో ఒకేసారి కనబడిన గరిష్ఠ సంఖ్యే ఆ గంటకు ఆ జాతి లెక్క. రంగు, పిల్ల తేడా, రాలిన ఈక లాంటి గుర్తుతో వేరే పక్షి అని ఖాయంగా తెలిస్తేనే ఇంకొకటి కలపండి.

గుంపు పెద్దదైతే ఒక ఫోటో తీసి, ఇంటికొచ్చి వేలితో లెక్కపెట్టండి.

ఏమీ కనబడని రోజు కూడా రాయాలి. "ఈరోజు ఏం లేవు, రాసేదేముంది" అని వదిలేస్తే మీ నోట్‌బుక్‌లో మంచి రోజులే మిగులుతాయి, తగ్గుదల ఎప్పటికీ కనిపించదు. సున్నా కూడా లెక్కే.

6. రాసే పద్ధతి

నోట్‌బుక్‌లో ఒక రోజు ఇలా ఉంటే చాలు:

రాయలచెరువు కట్ట, ఉత్తరం వైపు. ఉదయం 9:30 నుంచి 10:30. ఎండ, పల్చని మబ్బు, గాలి తక్కువ. చూసినవాళ్లు ఇద్దరు. గరుడ పక్షి 3, అందులో పిల్ల 1. నల్ల గద్ద 6. జాలె డేగ 0. జాతి తెలియని పెద్ద గద్ద 1, చాలా ఎత్తులో.

ఇదే ఈబర్డ్‌లో ఎక్కించండి. అక్కడ రెండు చోట్ల తప్పులు జరుగుతాయి. మొదటిది, సంఖ్య బదులు "X" పెట్టడం. అంటే పక్షి ఉంది కానీ ఎన్నో తెలియదని అర్థం, మన పనికి అది చాలదు. రెండోది, ఆఖర్న యాప్ అడిగే ప్రశ్న: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని. మీరు వేట పక్షుల్ని మాత్రమే రాసి "అవును" నొక్కితే, ఆ గంటలో అక్కడ కాకి కూడా లేదని రికార్డులో పడుతుంది. కాకి, గోరింక, పావురం సహా తెలిసినవన్నీ రాసి "అవును" అనండి. కుదరకపోతే నిజాయితీగా "కాదు" అనండి. నా మాట వింటే అన్నీ రాయండి. దేశం మొత్తం మీద ఏ పక్షి పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అన్నది ఇలాంటి పూర్తి జాబితాల్లో ఆ పక్షి ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క నుంచే తేలుస్తున్నారు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతుల్ని అలా పరిశీలించింది. దాని వెనక దాదాపు 30 వేలమంది మామూలు జనం రాసిన 3 కోట్ల రికార్డులున్నాయి. బయళ్లలో బతికే వేట పక్షులు తగ్గుతున్నాయని ఆ నివేదిక చెప్పింది. మన బీడు భూములు వెంచర్లుగా మారుతున్న తీరు చూసేవాళ్లకు అది ఆశ్చర్యం కలిగించదు.

జాతి తెలియనప్పుడు వాడుకోవడానికి ఈబర్డ్‌లో "జాతి తెలియని పగటి వేట పక్షి" అనే అర్థంతో ఒక ఎంట్రీ ఉంది. మొహమాటం లేకుండా వాడండి.

7. అంకెల్ని పోల్చడం

జనవరిని జనవరితోనే పోల్చండి. చలికాలంలో ఉత్తరాది నుంచి, ఇంకా పైనుంచి వలస పక్షులొస్తాయి, నల్ల గద్దల్లో కూడా వలస వచ్చేవి ఉన్నాయి. డిసెంబరులో పది చూసి, జూన్‌లో నాలుగు చూసి "సగానికి పైగా పడిపోయాయి" అంటే అది తప్పు లెక్క. అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు తుపాను వానలు. మబ్బు పట్టిన రోజు గాలి పైకి లేవదు, పక్షులూ లేవవు. ఆ రోజుల అంకె పక్కన "మబ్బు" అని తప్పకుండా రాయండి.

నల్ల గద్దల విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. చెత్త యార్డు ఊరవతలికి మారితే, మాంసం అంగళ్ల వ్యర్థాలు వేసే చోటు మారితే గద్దలు వాటి వెంటే పోతాయి. మీ మేడ మీద నుంచి చూస్తే మాయమైనట్టు ఉంటుంది. నిజానికి ఐదు కిలోమీటర్ల అవతల ఉంటాయి. తగ్గాయని తేల్చే ముందు మీ చుట్టూ ఏం మారిందో ఒకసారి వాకబు చేయండి. సాయంత్రం పూట అన్నీ చేరే చెట్లు ఏవో తెలిస్తే, చీకటి పడే ముందు అక్కడ లెక్కపెట్టడం పగటి లెక్క కంటే నమ్మకమైనది.

అరుదుగా కనబడే పక్షులకు సంఖ్యల సగటు పనికిరాదు. వాటికి "ఈ చలికాలం ఎన్నిసార్లు పోయాం, అందులో ఎన్నిసార్లు కనిపించింది" అన్నది చూడండి. ఉదాహరణకు పన్నెండు సార్లలో ఏడు సార్లు కనబడిన హారియర్, మరుసటి ఏడు పన్నెండులో రెండు సార్లే కనబడితే గమనించాల్సిన విషయమే. అయినా రెండేళ్లతో తీర్పు చెప్పొద్దు. వానలు బాగా పడిన ఏడు, కరువు ఏడు మధ్య తేడా అంతే ఉంటుంది.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

ఇద్దరు పక్కపక్కన కూర్చుని, మాట్లాడుకోకుండా, ఒకే గంట విడివిడిగా రాయండి. తర్వాత రెండూ పక్కన పెట్టి చూడండి. సంఖ్యలో ఒకటీ రెండూ తేడా మామూలే. పేర్లలో తేడా వస్తే ఆ పక్షి దగ్గర మీ ఇద్దరిలో ఒకరికి గానీ, ఇద్దరికీ గానీ పని మిగిలి ఉందని అర్థం.

మీరు గుర్తించిన ఫోటోల్లోంచి కొన్ని తీసి, పేర్లు లేకుండా, ఒక నెలయ్యాక మీకు మీరే పరీక్ష పెట్టుకోండి. ఈబర్డ్ నుంచి "ఈ రికార్డుకి వివరాలు ఇవ్వండి" అని మెయిల్ వస్తే కోపం తెచ్చుకోవద్దు. ఆ ప్రాంతంలో ఆ పక్షి అరుదు కాబట్టి అడుగుతున్నారు. తోక, రెక్క, పని, చోటు అన్న వరుసలో మీరు చూసింది రాసి పంపండి. వరుసలో ఒక్కటీ రాయలేకపోతే ఆ ఎంట్రీ తీసేయడమే మంచిది.

రాబందు కనిపిస్తే

ఇప్పుడు మన వైపు రాబందు కనబడటమే వార్త. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చనిపోయిన పశువు మాంసంలో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలు చెడగొట్టి చంపింది. 1990ల నుంచి పదిహేనేళ్లలోపే మన దేశంలో తెల్ల నడుము రాబందులు వందకు తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. పశువుల వైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ నిషేధించారు.

తెల్లని ఒళ్లు, నల్లని రెక్క ఈకలు, పసుపు పచ్చని ముఖం, మొన తేలిన తోక ఉంటే అది తెల్ల రాబందు. పిల్ల పక్షి ముదురు గోధుమ రంగులో ఉంటుంది, అప్పుడూ తోక మొన మారదు. ఫోటో, సమయం, చోటు రాసుకుని అటవీ శాఖ వాళ్లకు చెప్పండి, ఈబర్డ్‌లో పెట్టండి. దాని వెంటపడి దగ్గరికి పోవద్దు. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ పశువులుంటే, నొప్పికి ఇంజెక్షన్ వేయాల్సి వచ్చినప్పుడు డాక్టర్ని మెలాక్సికామ్ వేయమని అడగండి. రాబందులకు హాని చేయదని పరీక్షించి తేల్చిన మందు అది.